ఒకే ఛానల్‌లో ఆదివారమంతా

1989లో దూరదర్శన్ ఆదివారం ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మడం కష్టం. పొద్దున్నే ‘రంగోలి’లో హిందీ సినిమా పాటలు, తొమ్మిదింటికి ‘మహాభారత్’, మరోపక్క శ్యామ్ బెనగళ్ తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’. మధ్యాహ్నం వినికిడి లేనివారి కోసం సైగల భాషలో వార్తలు, ఆ తర్వాత ఏదో ఒక ప్రాంతీయ భాషా చిత్రం, సాయంత్రం హిందీ సినిమా. పాటల కోసం టీవీ పెట్టిన ఇంట్లోకే పురాణం, చరిత్ర, మలయాళ పల్లె అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి.

వేరే ఛానల్ లేదు కాబట్టి అన్నీ చూశారు అనుకుంటాం. నిజమే కానీ, ఆ ఒక్క ఛానలైనా మన ఊళ్లదాకా ఎలా వచ్చిందో తెలిస్తేనే ఈ కలగలుపు అర్థమవుతుంది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. దాని ప్రసారాలు ఆ చుట్టుపక్కల జిల్లాల వరకే. 1982లో జాతీయ కార్యక్రమం, రంగుల ప్రసారం వచ్చాయి. 1983లో ఇన్శాట్-1బి ఉపగ్రహం ఎగిరాక చిన్న పట్టణాల్లో వరసగా రిలే కేంద్రాలు లేచాయి. ఒక డిష్, 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, పొడవాటి టవర్. అక్కడ స్టూడియో ఉండదు, ఉపగ్రహం దించినదాన్ని ఊరికి పంచడమే దాని పని. ఆ సిగ్నల్ ఢిల్లీది. అందుకే చాలా ఊళ్లకు హైదరాబాద్ తెలుగు కన్నా ముందు ఢిల్లీ హిందీ చేరింది. ఆ ఊళ్లవాళ్లు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ, ‘వచ్చిందా?’ అని కిందికి కేకేస్తూ పట్టుకున్నది ఆ హిందీనే.

అందరికీ అదే ఛానల్ అయినప్పుడు అందరికీ అందులో కొంత చోటు ఇవ్వాలి. రైతుకూ విద్యార్థికీ చెప్పాల్సినవి మామూలు రోజుల్లో చెప్పేవారు. ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండేది ఆదివారం కనుక పెద్ద సరుకంతా ఆ రోజుకే. డబ్బు లెక్క కూడా అందులోనే ఉంది. 1984లో ‘హమ్ లోగ్’తో ప్రాయోజిత సీరియళ్ల పద్ధతి నిలదొక్కుకుంది. సీరియల్‌కు కంపెనీ ఖర్చు పెట్టుకుంటుంది, బదులుగా దాని ముందూ వెనకా ప్రకటనల సమయం తీసుకుంటుంది. 1987 జనవరిలో మొదలైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’తో ఆదివారం ఉదయానికి గిరాకీ ఎంతో అందరికీ తెలిసింది. అంత ఆదాయం తెచ్చే రోజున, ప్రకటనలకు పెద్దగా అక్కరకు రాని సైగల వార్తలకూ ప్రాంతీయ సినిమాలకూ చోటు మిగిల్చారు. ప్రభుత్వ ఛానల్ చేసిన మంచి పనుల్లో ఇది ముందు వరసలో నిలుస్తుందని నా నమ్మకం.

హిందీ రాని తెలుగు ఇళ్లలో ‘మహాభారత్’ను అంత శ్రద్ధగా ఎలా చూశారు? కథ తెలుసు, అది మొదటి సంగతి. రాహీ మాసూమ్ రజా రాసిన సంభాషణల నిండా సంస్కృత పదాలు ఉండటం రెండోది. ధర్మం, వచనం, ప్రతిజ్ఞ, అధికారం అనే మాటలు ఒంగోలులో ఉన్నవాళ్లకూ పరాయివి కావు. సినిమా హిందీలోని ఉర్దూ పలుకుబడి కన్నా ఇది మన చెవికి దగ్గర. పైగా తెలుగువారికి భారతం అప్పటికే కళ్లతో చూసిన కథ. తిరుపతి వేంకట కవుల నాటకాల్లో కృష్ణరాయబారం పద్యాలు విని పెరిగిన తరం అది. తెర మీద ఎన్టీఆర్ కృష్ణుణ్ని చూసింది, ‘దానవీరశూర కర్ణ’లో ఆయనే దుర్యోధనుడై నిలదీయడం చూసింది. అలాంటివాళ్ల ముందు నితీశ్ భరద్వాజ్ కృష్ణుడు రాయబారానికి వచ్చి, రాగాలాపన లేకుండా మామూలు గొంతుతో మాట్లాడాడు. పద్యం ఎక్కడ ఎత్తుకోవాలో తెలిసిన పెద్దలకు అక్కడ వెలితి ఉంటుంది. ఆ వెలితితోనే కౌరవసభలోని రాజకీయం కొత్తగా వినిపించే అవకాశమూ ఉంది. తెలిసిన కథను మరొకరు చెప్పగా వినడంలో ఉన్న లాభం అదే.

‘భారత్ ఏక్ ఖోజ్’ది వేరే దారి. నెహ్రూ పుస్తకం ఆధారంగా 53 భాగాలు. రోషన్ సేథ్ నెహ్రూగా కనిపించి కథ చెబుతుంటే, ఓం పురి ఒక వారం ఒక చక్రవర్తి, మరో వారం మరొకరు. మొదట్లో వచ్చే పాట ఋగ్వేదంలోని నాసదీయ సూక్తం. ‘మహాభారత్’ చూసినవారందరూ దీన్ని చూసి ఉండరు. కానీ టీవీ కట్టేయకుండా వదిలేసిన ఇళ్లలో ఎంతోకొంత చెవిన పడింది. చరిత్ర పాఠాన్ని కోరి వెతుక్కునేవారు తక్కువ. ఆ రోజుల్లో అదే ఇంటికి వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం సినిమా మాట కొంచెం వివరంగా చెప్పాలి. బెంగాలీ, కన్నడ, మలయాళం, అస్సామీ చిత్రాలు, కింద ఇంగ్లిష్ అక్షరాలు. మన పట్టణాల్లో సత్యజిత్ రాయ్ సినిమాకో, అదూర్ గోపాలకృష్ణన్ సినిమాకో థియేటర్ ఎక్కడ దొరుకుతుంది? ఫిల్మ్ సొసైటీ ఉన్న పెద్ద ఊళ్లకే ఆ భాగ్యం. మిగతావారికి ఆ తలుపు తెరిచింది ఈ ఆదివారమే. నిదానంగా సాగే ఆ కథలకు విసుక్కుని నిద్రపోయినవారు చాలామందే ఉంటారు. చివరిదాకా కూర్చున్న కొద్దిమందికి మాత్రం పక్క రాష్ట్రపు వంటిల్లు, పేదరికం, వాన కనిపించాయి.

ఇందులో అన్యాయమూ ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. ఏం చూడాలో ఢిల్లీలోని దూరదర్శన్ ప్రధాన కార్యాలయం మండీ హౌస్‌లో తేలేది. కోట్లమంది మాట్లాడే తెలుగు ఆ జాతీయ ఆదివారంలో ఎప్పుడో ఒకసారి వంతు వచ్చే అతిథి. తెలుగు సినిమా పాటల ‘చిత్రలహరి’ కోసం తెలుగువారు శుక్రవారం దాకా ఎదురుచూశారంటే, సొంత భాష మీది ఆకలి అంత ఉంది. 1990ల్లో ప్రైవేటు తెలుగు ఛానళ్లు రాగానే జనం అటు మళ్లడంలో ఆశ్చర్యం లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ దూరదర్శన్ ‘రామాయణ్’, ‘మహాభారత్’లను మళ్లీ వేసింది, జనం మళ్లీ చూశారు. అయితే అప్పుడు వచ్చినవి సీరియళ్లే, రోజూ. వాటితో పాటు పరాయి భాషా చిత్రాన్నీ మోసుకొచ్చిన ఆదివారం రాలేదు. ఇప్పుడు దూరదర్శన్‌కే ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి, తెలంగాణలో యాదగిరి అనే తెలుగు ఛానళ్లు ఉన్నాయి. వారానికి ఒక మధ్యాహ్నం ఒక అస్సామీ సినిమానో మరాఠీ సినిమానో, ఈసారి తెలుగు అక్షరాలతో వేయడం ఆ రెండు ఛానళ్లకూ చేతకాని పనేం కాదు.