పన్నెండు గుంటల మైదానం

గోల్ఫ్ మైదానమంటే పద్దెనిమిది గుంటలుంటాయని మీరు వినే ఉంటారు. స్కాట్లండు పడమటి తీరాన ఆర్రన్ అనే దీవి ఉంది. అక్కడ 1896లో మొదలైన షిస్కిన్ మైదానంలో మాత్రం పన్నెండే గుంటలు! సెలవులకు వచ్చినవారు ఒక్కపూటలో ఆట ముగించుకోవచ్చు. చిన్నది గదా, సులువే అనుకోకండి. మూడో గుంట పేరు ‘కాకిగూడు’. కొట్టే చోటునుంచి అది కనబడదు. బంతిని మిట్టమీదికి కొట్టి, ఎక్కి వెతుక్కోవలసిందే.

పక్కనే డ్రుమడూన్ కొండచరియ స్తంభాలు పేర్చినట్లుంటుంది. కరిగిన రాయి చల్లారుతూ కుంచించుకుపోయి నిలువునా పగిలింది. ఎండిన చెరువులో మట్టి నెర్రెలు విచ్చడం చూశారుగా, అలాగన్నమాట.

సముద్రపు ఒడ్డునే ఎందుకు ఆడతారు? ఒకప్పుడు మంచు బరువుకు అక్కడి నేల కుంగింది. మంచు కరిగాక మెల్లగా పైకి లేచింది. పాత ఒడ్డు ఎత్తున మిగిలింది. గాలి దానిమీద ఇసుక పోసింది. ఇసుకలో నీరు నిలవదు, సారం తక్కువ. సేద్యానికి పనికిరాని ఆ నేలలో సన్నని పొట్టి గడ్డి మొలుస్తుంది. గట్టి నేలమీద బంతి బాగా దొర్లుతుంది.

ఇక అసలు ప్రత్యర్థి గాలి. బంతి సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. 10 మీటర్ల గాలి ఎదురైతే బంతికి తగిలే గాలి వేగం 70, వెనకనుంచి వీస్తే 50. గాలి నిరోధం ఇంచుమించు వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 4900ని 2500తో పోల్చండి, దాదాపు రెట్టింపు!

అంతేకాదు, కర్ర దెబ్బకు బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది. అందువల్ల దాని పైభాగం గాలిని తనతో వెనక్కి లాగి కిందికి మళ్లిస్తుంది. ప్రతిచర్యగా బంతి పైకి లేస్తుంది. ఎడింబరో భౌతికశాస్త్ర ఆచార్యుడు టెయిట్ 1890 తర్వాతి పదేళ్లలో దీన్ని లెక్కలతో వివరించాడు. ఎదురుగాలిలో ఈ ఎత్తుడు మరీ ఎక్కువై బంతి గాలిపటంలా లేచి, దగ్గర్లోనే కూలబడుతుంది. అందుకే అనుభవజ్ఞులు నేలబారుగా కొడతారు.

బంతిమీది గుంటలు అలంకారం కావు. నున్నటి బంతి వెనక వెడల్పైన సుడిగాలి ఏర్పడి దాన్ని పట్టి లాగుతుంది. గుంటలు బంతిని అంటుకున్న పలుచని గాలిపొరను కలచివేస్తాయి. ఆ పొర మరికొంత దూరం బంతిని అంటిపెట్టుకునే ఉంటుంది, వెనక సుడి ఇరుకవుతుంది. అదే దెబ్బకు నున్నటి బంతి సుమారు సగం దూరమే పోతుంది. 1848 ప్రాంతంలో గట్టాపర్చా బంతులు వచ్చినప్పుడు, గీతలు పడ్డ పాతవే బాగా ఎగురుతున్నాయని ఆటగాళ్లు గమనించి, కొత్తవాటిపై సుత్తితో గాట్లు పెట్టారు. శాస్త్రం తర్వాత వచ్చింది!

ఆ ఇసుకను కదలకుండా పట్టి ఉంచేది మర్రమ్ అనే గరుకు గడ్డి. అయినా అలలముందు దాని బలం చాలదు. స్కాట్లండు తూర్పు తీరంలోని మాంట్రోజ్‌లో సముద్రం ఇసుక దిబ్బలను కొరికేస్తుండటంతో, కొన్ని ఆటచోట్లను ఇప్పటికే లోపలికి జరుపుకోవలసి వచ్చింది.