వకాలా, ఉకాలా: పాత కట్టడాలలో పేదల నివాసం

అరబ్బీలో వకాలా అంటే ఒకరి పనిని మరొకరికి అప్పగించటం. మన కోర్టులలో వినిపించే వకీలు, వకాల్తా ఈ మూలం నుండి వచ్చినవే. మధ్యయుగపు కైరోలో ఈ మాట వర్తకుల సత్రానికి పేరైంది. మమ్లూకు సుల్తాన్ అల్ గౌరీ 1504-05లో కట్టించిన వకాలా నేటికీ నిలిచి ఉన్నది. కింద సరుకుల గదులు, పైన అద్దె ఇళ్ళు. ఈ ఇళ్ళ వరుసను రబ్అ అనేవారు. ఇటువంటి కట్టడాల అద్దెలు తరచు మస్జిదుల, మద్రసాల ఖర్చుల నిమిత్తం వక్ఫ్ చేయబడేవి. కనుక గొప్ప కట్టడంలో సామాన్యుడు కాపురముండటం ముస్లిం నగరాలకు కొత్త సంగతి కాదు.

ట్యూనిస్‌లో ఈ పదమే ఉకాలాగా మారి, అర్థంలో దిగజారింది. 1956లో స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సంపన్న కుటుంబాలు పాత నగరం విడిచి కొత్త పేటలకు తరలిపోయాయి. నడుమ వాకిలి, చుట్టూ గదులు గల వారి విశాల గృహాలు గది గదిగా పల్లెల నుండి వచ్చిన వారికి అద్దెకు పోయాయి. గదికొక సంసారం, నీరు, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి. అద్దె స్వల్పమని యజమాని, ఇల్లు తనది కాదని అద్దెదారు మరమ్మతు మానుకున్నారు. అదే కాలంలో అక్కడ హబూస్ అని పిలిచే వక్ఫ్ కూడా రద్దయింది: సార్వజనిక వక్ఫ్ 1956లో, కుటుంబ వక్ఫ్ 1957లో.

పాత నగర పరిరక్షణకు 1967లో ఒక సంఘం ఏర్పడింది. హఫ్సియా పేటలో జరిగిన పునర్నిర్మాణానికి 1983లోను, 1995లోను ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారాలు లభించాయి. 1990ల నాటి ఉకాలా పథకం మరింత చిక్కైనది. కూలటానికి సిద్ధంగా ఉన్న ఇళ్ళను ఖాళీ చేయించి, చాలా కుటుంబాలను శివార్లలోని కొత్త ఇళ్ళకు పంపారు. ప్రాణాపాయం తప్పింది, గోడలూ దక్కాయి. కాని పాత బజారులో కూలి చేసుకునేవాడికి పని దూరమైంది.

హనఫీ ఫిఖ్హ్ గ్రంథం హిదాయా ఈ చిక్కును మరో రూపంలో చర్చించింది. వక్ఫ్ ఆదాయంలో మొదటి హక్కు మరమ్మతుది; దాత షరతు వ్రాయకపోయినా సరే. నివాసార్థం వక్ఫ్ చేసిన ఇంటిని అందులో ఉండేవాడే బాగుచేయించాలి. అతను నిరాకరించినా, పేదవాడైనా, ఖాజీ ఆ ఇంటిని అద్దెకిచ్చి ఆ సొమ్ముతో బాగుచేయించి, పిదప నివాసపు హక్కు గలవాడికే తిరిగి అప్పగించాలి. ఉకాలాలోని అద్దెదారుకు అటువంటి హక్కు లేదు, అతనికీ యజమానికీ మధ్య ఉన్నది కిరాయి ఒప్పందమే. అందుచేత ఈ నియమాన్ని యథాతథంగా అతనికి వర్తింపజేయలేము. అయితే బాగుచేసిన ఇంట్లోకి తిరిగి ఎవరు వస్తారన్నది మరమ్మతు మొదలుకాక మునుపే హిదాయా తేల్చిపెట్టింది. ట్యూనిస్‌లో ఆ ప్రశ్న ఇళ్ళు ఖాళీ అయిన తరువాత కూడా మిగిలింది.