ఫ్యాంటసీ లీగులలో కళాశాల క్వార్టర్‌బ్యాక్‌ల ర్యాంకింగు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కళాశాల స్థాయి అమెరికన్ ఫుట్‌బాల్ పోటీల ఆధారంగా ఫ్యాంటసీ లీగులు నడుస్తాయి. ఈ లీగులలో పాల్గొనేవారు ఏ క్వార్టర్‌బ్యాక్‌ను ముందుగా ఎంచుకోవాలో తెలుసుకోవడానికి తయారుచేసుకునే వరుసక్రమాన్ని క్వార్టర్‌బ్యాక్‌ల ర్యాంకింగు అంటారు. ఉత్తమ ఆటగాడు ఎవరన్న ప్రశ్నకు ఈ వరుస సమాధానం చెప్పదు. ఒక లీగు నియమాల ప్రకారం ఎవరి నుండి ఎన్ని పాయింట్లు ఆశించవచ్చునో, అవి సులభంగా దొరికే మరొక ఆటగాని పాయింట్లకంటె ఎంత ఎక్కువో మాత్రమే చెబుతుంది. నియమం మారితే వరుస కూడా మారుతుంది.

ఆట పరిచయం

అమెరికన్ ఫుట్‌బాల్ భారతదేశంలో ఆడే కాలిబంతి ఆటకు భిన్నమైనది. ఒక్కొక్క జట్టు తరపున 11 మంది మైదానంలో ఉంటారు. బంతి తమ ఆధీనంలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సాగగలిగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. బంతిని ప్రత్యర్థి గీత దాటించడాన్ని టచ్‌డౌన్ అంటారు. దీనికి 6 పాయింట్లు. దాదాపు ప్రతి ప్రయత్నంలోను బంతిని మొదట అందుకొని, దానిని విసరడమో, మరొకరికి అందించడమో, తానే తీసుకొని పరుగెత్తడమో చేసే ఆటగాడే క్వార్టర్‌బ్యాక్. అతడు విసిరిన బంతిని ప్రత్యర్థి పట్టుకుంటే దానిని ఇంటర్‌సెప్షన్ అంటారు. బంతి విసరకముందే ప్రత్యర్థులు అతనిని గీత వెనుక పడగొడితే దానిని సాక్ అంటారు.

వృత్తిపరమైన ఎన్‌ఎఫ్ఎల్ లో 32 జట్లు ఉన్నాయి. కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్‌సీఏఏ సంస్థ అత్యున్నత ఫుట్‌బాల్ విభాగమైన ఎఫ్‌బీఎస్ లో 2025 నాటికి 136 జట్లు ఉన్నాయి. కళాశాల ఆటగాళ్ళ ర్యాంకింగు క్లిష్టం కావడానికి ఈ సంఖ్యే మొదటి కారణం.

చరిత్ర

ఫ్యాంటసీ ఫుట్‌బాల్ 1962 లో పుట్టింది. ఓక్లాండ్ రైడర్స్ జట్టు భాగస్వాములలో ఒకరైన బిల్ వింకెన్‌బాక్, తన మిత్రులతో కలిసి న్యూయార్కులోని ఒక హోటలులో దీని నియమాలను రూపొందించాడు. ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకొనే మొదటి డ్రాఫ్టు 1963 లో జరిగింది. చాలాకాలం ఈ ఆట వృత్తిపరమైన క్రీడాకారులకే పరిమితమైంది. కళాశాల ఆటగాళ్ళ అసలు పేర్లతో ఫ్యాంటసీ ఆటను సీబీఎస్ సంస్థ 2008 లో ప్రవేశపెట్టింది.

పాయింట్ల విధానం

లీగులన్నింటికీ ఒకే నియమావళి లేదు. క్వార్టర్‌బ్యాక్‌లకు తరచుగా కనిపించే విధానం ఇది:

* విసిరి సాధించిన ప్రతి 25 గజాలకు 1 పాయింటు
* విసిరి సాధించిన టచ్‌డౌన్‌కు 4 పాయింట్లు
* ఇంటర్‌సెప్షన్‌కు 1 పాయింటు తగ్గింపు (కొన్ని లీగులలో 2)
* పరుగెత్తి సాధించిన ప్రతి 10 గజాలకు 1 పాయింటు
* పరుగెత్తి సాధించిన టచ్‌డౌన్‌కు 6 పాయింట్లు

ఈ పట్టికలోనే ర్యాంకింగు రహస్యమంతా ఉంది. పరుగెత్తి సాధించిన ఒక గజం విలువ, విసిరి సాధించిన గజం విలువకు రెండున్నర రెట్లు. పరుగు టచ్‌డౌన్ విలువ పాసు టచ్‌డౌన్‌కు ఒకటిన్నర రెట్లు. ఫ్యాంటసీ క్రికెట్ తెలిసినవారు దీనిని ఆల్‌రౌండరుతో పోల్చుకోవచ్చును. బ్యాటుతోను బంతితోను పాయింట్లు తెచ్చే ఆటగాని వలె, చేతితోను కాళ్ళతోను పాయింట్లు తెచ్చే క్వార్టర్‌బ్యాక్ ముందుకు వస్తాడు.

నాలుగు ఉదాహరణలు

కళాశాల ఫుట్‌బాల్ లో అత్యున్నత వ్యక్తిగత పురస్కారమైన హైస్‌మన్ ట్రోఫీని గెలుచుకున్న నలుగురు క్వార్టర్‌బ్యాక్‌ల గణాంకాలు ఇవి:

* కామ్ న్యూటన్ (ఆబర్న్, 2010), 14 ఆటలు: పాసు 2,854 గజాలు, 30 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు, పరుగు 1,473 గజాలు, 20 టచ్‌డౌన్లు
* లమార్ జాక్సన్ (లూయీవిల్, 2016), 13 ఆటలు: పాసు 3,543 గజాలు, 30 టచ్‌డౌన్లు, 9 ఇంటర్‌సెప్షన్లు, పరుగు 1,571 గజాలు, 21 టచ్‌డౌన్లు
* జో బరో (ఎల్‌ఎస్‌యూ, 2019), 15 ఆటలు: పాసు 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు, పరుగు 368 గజాలు, 5 టచ్‌డౌన్లు
* జేడన్ డేనియల్స్ (ఎల్‌ఎస్‌యూ, 2023), 12 ఆటలు: పాసు 3,812 గజాలు, 40 టచ్‌డౌన్లు, 4 ఇంటర్‌సెప్షన్లు, పరుగు 1,134 గజాలు, 10 టచ్‌డౌన్లు

జాక్సన్ పాయింట్లను లెక్కించే విధానం: పాసు గజాలకు 141.72, పాసు టచ్‌డౌన్లకు 120, పరుగు గజాలకు 157.1, పరుగు టచ్‌డౌన్లకు 126. మొత్తం 544.82. ఇందులో ఇంటర్‌సెప్షన్లకు 9 తీసివేస్తే 535.82. దీనిని 13 ఆటలతో భాగిస్తే సగటున ఆటకు 41.2 పాయింట్లు. ఇదే విధంగా లెక్కించగా డేనియల్స్‌కు 40.2, న్యూటన్‌కు 35.3, బరోకు 35.2 వస్తాయి. ఇతర అంశాలను ఈ లెక్కలో చేర్చలేదు.

జాక్సన్ కంటె బరో రెండు వేలకు పైగా ఎక్కువ గజాలు, రెట్టింపు టచ్‌డౌన్లు విసిరాడు. అతని జట్టు ఆ సంవత్సరం ఒక్క ఓటమి కూడా లేకుండా జాతీయ విజేత అయినది. అయినా ఈ నలుగురిలో అతనిది చివరి స్థానం. బరో మొత్తం పాయింట్లు (527.64) జాక్సన్ మొత్తానికి దగ్గరగా కనిపించడానికి కారణం అతడు రెండు ఆటలు ఎక్కువ ఆడడమే. అందువలన మొత్తాలను కాక ఆటకు సగటును చూడడం మంచి పద్ధతి.

ఇప్పుడు ఒక్క నియమం మార్చి చూడవచ్చును. కొన్ని లీగులు పాసు టచ్‌డౌన్‌కు కూడా 6 పాయింట్లు ఇస్తాయి. అప్పుడు సగటులు డేనియల్స్‌కు 46.8, జాక్సన్‌కు 45.8, బరోకు 43.2, న్యూటన్‌కు 39.6 అవుతాయి. మొదటి ఇద్దరి స్థానాలు తారుమారవుతాయి, తరువాతి ఇద్దరివీ తారుమారవుతాయి. ఆటగాళ్ళు వారే, ఆడిన ఆటలు అవే. కాబట్టి ఏ లీగు నియమాల కోసం తయారుచేశారో చెప్పని ర్యాంకింగు వలన ప్రయోజనం తక్కువ.

పాసింగు సామర్థ్య సూచిక ఎందుకు చాలదు

ఎన్‌సీఏఏ 1979 నుండి పాసింగు సామర్థ్య సూచికను ఉపయోగిస్తున్నది. గజాలను 8.4 తోను, టచ్‌డౌన్లను 330 తోను, పూర్తయిన పాసులను 100 తోను హెచ్చించి కూడాలి. ఆ మొత్తం నుండి ఇంటర్‌సెప్షన్లను 200 తో హెచ్చించి తీసివేసి, మిగిలినదానిని పాసు ప్రయత్నాల సంఖ్యతో భాగించాలి. ఈ సూత్రం ప్రకారం 2019 లో బరో సూచిక 202.0 కాగా 2016 లో జాక్సన్ సూచిక 148.8 మాత్రమే.

ఈ సూచిక ఒక్కొక్క ప్రయత్నం ఎంత ఫలవంతమైనదో చెబుతుంది. ఎన్ని ప్రయత్నాలు జరిగాయో చెప్పదు, పరుగును అసలు లెక్కించదు. ఫ్యాంటసీ లీగులలో కావలసినవి ఈ రెండే. సూచికను మాత్రమే చూసి ర్యాంకింగు తయారుచేసేవారు జాక్సన్ వంటి ఆటగానిని చాలా క్రిందికి నెట్టివేస్తారు.

సాక్ లెక్కింపులో భేదం

ఎన్‌ఎఫ్ఎల్ ఫ్యాంటసీకి అలవాటుపడినవారు తరచుగా గమనించని విషయం ఒకటి ఉన్నది. ఎన్‌ఎఫ్ఎల్ లో సాక్ వలన పోయిన గజాలను జట్టు పాసు గజాలలో తగ్గిస్తారు. కళాశాల గణాంకాలలో మాత్రం వాటిని క్వార్టర్‌బ్యాక్ స్వంత పరుగు గజాలలో తగ్గిస్తారు. ఉదాహరణకు ఒక ఆటగాడు 60 గజాలు పరుగెత్తి, సాక్‌ల వలన 40 గజాలు పోగొట్టుకుంటే అతని ఖాతాలో మిగిలేవి 20 గజాలే. అంటే 6 పాయింట్లకు బదులు 2 పాయింట్లే వస్తాయి. 2016 నవంబరులో హ్యూస్టన్ జట్టు జాక్సన్‌ను ఒకే ఆటలో 11 సార్లు సాక్ చేసింది. కాబట్టి క్వార్టర్‌బ్యాక్‌ను అంచనా వేసేటప్పుడు అతని ముందు నిలబడి రక్షణనిచ్చే అయిదుగురు లైన్‌మన్ల బలాన్ని కూడా పరిశీలించాలి.

శిక్షకుని వ్యూహం

కళాశాల జట్ల మధ్య వ్యూహభేదాలు వృత్తిపరమైన జట్లలో కంటె చాలా ఎక్కువ. హాల్ మమ్మీ, మైక్ లీచ్ అభివృద్ధి చేసిన "ఎయిర్ రెయిడ్" పద్ధతిలో పాసులకే ప్రాధాన్యం. లీచ్ శిక్షకుడుగా ఉన్న టెక్సాస్ టెక్ జట్టు తరపున బీ.జే. సైమన్స్ 2003 లో 5,833 గజాలు విసిరాడు. ఆ రికార్డును 2021 లో వెస్టర్న్ కెంటకీ క్వార్టర్‌బ్యాక్ బెయిలీ జాపీ 5,967 గజాలు, 62 టచ్‌డౌన్లతో అధిగమించాడు. జాపీ అంతకుముందు హ్యూస్టన్ బాప్టిస్ట్ అనే చిన్న జట్టులో ఆడేవాడు. అక్కడ వ్యూహాలు రచించిన జాక్ కిట్లీతో పాటు వెస్టర్న్ కెంటకీకి వచ్చాడు. ఆటగాడు, అతనికి అలవాటైన వ్యూహం కలిసి తరలిరావడాన్ని గమనించినవారికి ఆ సంవత్సరం లాభం కలిగింది.

దీనికి పూర్తి విరుద్ధమైనది నేవీ జట్టు ఆడే "ఆప్షన్" పద్ధతి. ఇందులో పాసులు చాలా తక్కువ. ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్ కీనన్ రేనాల్డ్స్ 2013 లో 1,346 గజాలు పరుగెత్తి, పరుగు ద్వారానే 31 టచ్‌డౌన్లు సాధించాడు. పై పట్టిక ప్రకారం కేవలం పరుగు వలన వచ్చిన పాయింట్లు 320.6. వృత్తిపరమైన జట్టు 2016 లో రేనాల్డ్స్‌ను ఎంచుకున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్‌గా కాక, పాసులు పట్టే ఆటగానిగా తీసుకున్నది. కళాశాల ఫ్యాంటసీ విలువకు, వృత్తి జీవితంలో రాణించే అవకాశానికి ఉన్న దూరానికి ఇది మంచి నిదర్శనం.

అనిశ్చితికి కారణాలు

* బదిలీలు: ఆటగాళ్ళు కళాశాల మారడానికి ఉపయోగపడే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబరులో ప్రారంభమైనది. 2021 లో మొదటి బదిలీకి, 2024 లో మిగిలిన బదిలీలకు కూడా ఒక సంవత్సరం ఆగవలసిన నిబంధనను తొలగించారు. కనుక గత సంవత్సరపు గణాంకాలు తరచుగా వేరే జట్టుకు, వేరే వ్యూహానికి చెందినవై ఉంటాయి.
* గాయాల సమాచారం: ఎన్‌ఎఫ్ఎల్ లో గాయాల నివేదిక తప్పనిసరి. కళాశాలలలో చాలాకాలం అటువంటి నిబంధన లేదు. బిగ్ టెన్ సమాఖ్య 2023 లోను, ఎస్‌ఈసీ 2024 లోను ఆటగాళ్ళ లభ్యతా నివేదికలను ప్రవేశపెట్టాయి.
* బలహీన ప్రత్యర్థులు: పెద్ద జట్లు కొన్ని వారాలలో చాలా చిన్న జట్లతో ఆడతాయి. ఆధిక్యం పెరిగిపోతే ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌కు మధ్యలోనే విశ్రాంతినిస్తారు. సులభమైన ఆట ఎల్లప్పుడు ఎక్కువ పాయింట్లు తెస్తుందని చెప్పలేము.
* గడియారం: 2023 నుండి ఎఫ్‌బీఎస్ లో ఒక్కొక్క అర్ధభాగపు చివరి రెండు నిమిషాలలో తప్ప, 10 గజాలు పూర్తయిన ప్రతిసారి గడియారాన్ని ఆపడం మానివేశారు. దీని వలన పాత సంవత్సరాల మొత్తాలను కొత్తవాటితో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం.

ప్రత్యామ్నాయంతో పోలిక

ర్యాంకింగులో చివరి మెట్టు, ఒక ఆటగానిని అదే స్థానంలో సులభంగా దొరికే మరొకనితో పోల్చడం. 12 మంది సభ్యులున్న లీగులో ఒక్కొక్కరు ఒక క్వార్టర్‌బ్యాక్‌ను ఆడిస్తారనుకుందాం. అప్పుడు 13వ క్వార్టర్‌బ్యాక్ ఎవరికైనా దొరుకుతాడు. మొదటి క్వార్టర్‌బ్యాక్ ఆటకు 38 పాయింట్లు, 13వ వాడు 28 పాయింట్లు తెస్తే, మొదటివాని నిజమైన విలువ 10. పరుగెత్తే ఆటగాళ్ళలో (రన్నింగ్ బ్యాక్) మొదటివాడు 25 పాయింట్లు తెచ్చి, మిగిలిపోయినవారిలో మేటి 12 మాత్రమే తెస్తే, మొదటివాని విలువ 13. పాయింట్లు తక్కువైనా డ్రాఫ్టులో రన్నింగ్ బ్యాక్‌ను ముందుగా తీసుకోవడమే లాభం.

వందకు పైగా జట్లున్న కళాశాల ఫుట్‌బాల్ లో మంచి క్వార్టర్‌బ్యాక్‌లకు కొరత లేదు. ఒకరినే ఆడించే లీగులో వారి విలువ తగ్గడానికి ఇదే కారణం. ఇద్దరిని ఆడించనిచ్చే లీగులలో 25వ ఆటగానితో పోల్చవలసి వస్తుంది కనుక విలువ ఒక్కసారిగా పెరుగుతుంది.

ఆటగాళ్ళ హక్కులు

కళాశాల ఆటగాళ్ళు విద్యార్థులు. వారి పేర్లు, గణాంకాలు వాడుకొని ఇతరులు ఆదాయం పొందవచ్చునా అనే ప్రశ్న న్యాయస్థానాలకు చేరింది. బేస్‌బాల్‌కు సంబంధించిన ఒక వ్యాజ్యంలో, ఆటగాళ్ళ పేర్లు, గణాంకాలు ప్రజలకు అందుబాటులో ఉన్న సమాచారమేనని, వాటిని ఫ్యాంటసీ ఆటలలో వాడుకోవచ్చునని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం 2007 లో తీర్పునిచ్చింది. మాజీ కళాశాల ఆటగాళ్ళు ఫ్యాంటసీ సంస్థలపై వేసిన వ్యాజ్యంలో ఇండియానా సుప్రీం కోర్టు కూడా 2018 లో సంస్థలకు అనుకూలంగానే అభిప్రాయం వెలిబుచ్చింది.

వీడియో ఆటల విషయంలో ఫలితం వేరుగా వచ్చింది. మాజీ క్వార్టర్‌బ్యాక్ శామ్ కెల్లర్ 2009 లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థపైన, ఎన్‌సీఏఏ పైన వ్యాజ్యం వేశాడు. ఆ సంస్థ కళాశాల ఫుట్‌బాల్ వీడియో ఆట 2013 తరువాత నిలిచిపోయింది. ఆటగాళ్ళు తమ పేరు, రూపాలపై ప్రతిఫలం పొందడానికి 2021 జులై 1 నుండి అనుమతి లభించింది. ఆ వీడియో ఆట 2024 లో, అంగీకరించిన ఆటగాళ్ళకు చెల్లింపుతో, తిరిగి విడుదలైనది. 2025 జూనులో ఆమోదం పొందిన ఒక ఒప్పందం ప్రకారం కళాశాలలే నేరుగా ఆటగాళ్ళకు ఆదాయంలో వాటా ఇవ్వవచ్చును.

గణాంకాలపై ఆధారపడిన ఫ్యాంటసీ ర్యాంకింగులకు మాత్రం ఆటగాని అనుమతి అవసరం లేదు. ర్యాంకింగులో ఏ స్థానంలో ఉన్నా ఆ స్థానం వలన అతనికి వచ్చే ప్రతిఫలమూ లేదు.

ఇవి కూడా చూడండి

* అమెరికన్ ఫుట్‌బాల్
* హైస్‌మన్ ట్రోఫీ
* ఫ్యాంటసీ క్రికెట్