పొలాలే ప్రదర్శనశాల

సాధారణంగా ప్రదర్శనశాలల్లో పాత పనిముట్లు అద్దాల పెట్టెల్లో మౌనంగా ఉంటాయి. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, అర్బన్‌డేల్ పట్టణంలో 1970లో వెలసిన ‘లివింగ్ హిస్టరీ ఫార్మ్స్’ ఇందుకు భిన్నమైనది. ఇక్కడ పొలాలే ప్రదర్శనలు. సందర్శకులు ఒక పొలం నుంచి మరొక పొలానికి సాగుతూ రెండు శతాబ్దాల సేద్య చరిత్రను కళ్లారా చూస్తారు.

మొదటిది 1700 నాటి అయోవే జాతివారి క్షేత్రం. చెట్టు బెరడు కప్పిన ఇళ్ల చెంత మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పెరుగుతాయి. ఆ సేద్యానికి నాగలి లేదు, పశుబలం లేదు. స్త్రీలే చేతి పనిముట్లతో పంట పండించేవారు. రెండవది 1850 నాటి వలస రైతుల క్షేత్రం. దుంగలతో కట్టిన ఇల్లు, ఎడ్లు లాగే నాగలి ఇక్కడ దర్శనమిస్తాయి. మూడవదైన 1900 నాటి క్షేత్రంలో గుర్రాలు వ్యవసాయ యంత్రాలను లాగుతాయి. శక్తి మారినకొద్దీ ఒక కుటుంబం సాగుచేయగల భూమి విస్తరించింది.

అయితే ఈ ప్రగతికి మరొక పార్శ్వం ఉంది. 1838 నాటికే ఒప్పందాల పేరిట అయోవే జాతి ఆ ప్రాంతపు భూములపై హక్కులను కోల్పోయింది. రాష్ట్రానికి వారి పేరు మాత్రమే మిగిలింది. వలస రైతులను ‘తొలి సేద్యగాళ్లు’గా కీర్తించే చరిత్రకు ముందే అక్కడ పంటలు పండాయని ఆ మొదటి పొలం సాక్ష్యం చెబుతోంది.