ఎడమ ఎవరికి ఎడమ?

పిల్లలూ, మీరెప్పుడైనా భద్రాచలం వంతెన మీద నిలబడి గోదావరిని చూశారా? భద్రాచలం నదికి ఎడమ గట్టున ఉన్నదనీ, సారపాక కుడి గట్టున ఉన్నదనీ భూగోళం చెబుతుంది. కాని మీరు ఎగువకు తిరిగి చూస్తే భద్రాచలం మీ కుడిచేతి వైపున ఉంటుంది! పుస్తకం తప్పు కాదు. గట్ల కుడి ఎడమలు చెప్పేటప్పుడు నీరు పారే దిక్కుకే ముఖం పెట్టుకోవాలి.

ఫుట్‌బాల్ ఆటలోనూ ఇదే పద్ధతి. ఎదుటి జట్టు గోలుకు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి అంచు ‘లెఫ్ట్ వింగ్’. వింగ్ అంటే రెక్క. సగం ఆట కాగానే జట్లు చోట్లు మార్చుకుంటాయి. లెఫ్ట్ వింగ్ మైదానం అవతలి అంచుకు పోతుంది.

ఇది తెలిసి కూడా నేనొకసారి తప్పు చేశాను. మా అడవి అంచు బడిలో పందెం జరుగుతున్నది. నేను ఎదుటి గోలు వెనుక నిలబడి, “కుడికి! కుడికి!” అని కేకలు పెట్టాను. నా కుడి మా పిల్లవాడికి ఎడమ! పాపం, వాడు పంతులు మాట విని, ఎవరూ లేని చోటికి బంతి తన్నాడు. ఓడిపోయాక తోటివాళ్లు వాణ్ణి తిట్టిపోశారు. తిట్టవలసింది నన్ను. ఆ మాట మర్నాడు ప్రార్థన సమయంలో అందరి ముందూ చెప్పాను. వాడి ముఖం అప్పటికిగాని తేటపడలేదు.

గోలుకు రెండు కొయ్యలుంటాయి గదా! బంతికి దగ్గరిది ‘నియర్ పోస్ట్’, దూరపుది ‘ఫార్ పోస్ట్’. బంతి రెండో పక్కనుంచి వస్తే పేర్లు తారుమారవుతాయి. భద్రాచలం వాళ్లకు సారపాక ఆవలి ఒడ్డు, సారపాక వాళ్లకు భద్రాచలం ఆవలి ఒడ్డు అయినట్టే.

ఇంకో తమాషా. మైదానం చదునుగానే ఉంటుంది. అయినా ఇంగ్లీషులో ముందు ఆడేవాడు ‘అప్ ఫ్రంట్’ ఉన్నాడంటారు, రెక్క వెంట ముందుకు పరుగెత్తేవాడు ‘డౌన్ ది వింగ్’ పోతున్నాడంటారు. పైకన్నా కిందికన్నా పోయేది ముందుకే!

‘ఆఫ్‌సైడ్’లో సైడ్ అంటే పక్క కాదు, పక్షం. తన పక్షాన్ని విడిచి ముందుకు పోయి కాచుకున్నవాడన్న మాట. పూర్వం అతనికీ గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురైనా ఉండాలనేవారు. 1925లో ఆ ముగ్గురిని ఇద్దరు చేశారు. దానితో గోల్స్ బాగా పెరిగాయి.

‘బ్యాక్’ అంటే వెనుక కాపుండేవాడు, ‘ఫార్వర్డ్’ అంటే ముందుండి గోలు కొట్టేవాడు. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగాయి. మన జట్టు శిక్షకుడు హైదరాబాదు వాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయనా ఒకప్పుడు బడిపంతులే. మన బ్యాక్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలింది, కుట్లు పడ్డాయి. రహీమ్ అతణ్ణి కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. ఫైనల్లో మనవాళ్లు దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీ కొట్టాడు. రెండోది కొట్టినవాడు ఆ బ్యాకే!