పొరకు ఇటూ అటూ

మనం తిన్న అన్నం నేరుగా కండరాలను కదిలించలేదు. అందులోని శక్తి మొదట ఎ.టి.పి. అనే రసాయనంలోకి చేరాలి. పరుగెత్తినా, పాఠం చదివినా, నిద్రపోయినా శరీరంలోని ప్రతి కణమూ ఎ.టి.పి.నే ఖర్చు చేస్తుంది. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయనతో పనిచేసిన ఫిస్కే కలిసి 1929లో దీన్ని కండరాలలో కనుగొన్నారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా కనుగొన్నాడు.

కణంలో ఎ.టి.పి. ముఖ్యంగా తయారయ్యేది మైటోకాండ్రియా అనే సూక్ష్మభాగాలలోనని 1950 నాటికి తెలిసింది. అయితే ఆహారం ఆక్సిజన్‌తో కలిసినప్పుడు వెలువడే శక్తి ఎ.టి.పి.లోకి ఎలా చేరుతుంది? రెంటికీ మధ్య ఆ శక్తిని మోసే రసాయనం ఒకటి ఉండి తీరాలని శాస్త్రజ్ఞులు నమ్మారు. పేరుపొందిన ప్రయోగశాలలు ఏళ్ళ తరబడి దానికోసం వెతికాయి. అది దొరకలేదు.

అటువంటి రసాయనం అవసరమే లేదని 1961లో పీటర్ మిచెల్ ప్రకటించాడు. ఆయన 1920లో ఇంగ్లండులో జన్మించాడు. కేంబ్రిడ్జిలో చదివి, అప్పటికి స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాడు. మొదట ఆయన పరిశోధించింది బాక్టీరియా పొరలను. పొరను దాటి ఏది లోపలికి పోతుంది, ఏది బయటికి వస్తుంది అన్నదే ఆయన ధ్యాస. అందుకే కాబోలు, ఇతరులు రసాయనం కోసం వెతుకుతుంటే ఆయన చూపు పొర మీద నిలిచింది.

మైటోకాండ్రియాకు రెండు పొరలుంటాయి. ఆహారం నుంచి వచ్చిన శక్తి ప్రోటాన్లను, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకొన్న హైడ్రోజన్ పరమాణువులను, లోపలి పొర దాటించి బయటికి తోస్తుందని మిచెల్ ఊహించాడు. తుంగభద్ర దగ్గరో హిరాకుడ్ దగ్గరో ఆనకట్ట వెనుక నీరు నిలిచినట్లు, ప్రోటాన్లు పొరకు ఒకవైపు నిలుస్తాయి. నీరు కిందికి దూకుతూ విద్యుత్తును ఇచ్చినట్లు, అవి తిరిగి లోపలికి వస్తూ ఎ.టి.పి. తయారుచేయిస్తాయి. పొర చిరిగితే ఎ.టి.పి. తయారీ ఎందుకు ఆగిపోతుందో దీనితో సులభంగా బోధపడుతుంది. గండి పడిన ఆనకట్టలో నీరు నిలవదు కదా!

చాలామంది ఈ మాట నమ్మలేదు. ఇంతలో కడుపులో పుండ్లతో మిచెల్ ఆరోగ్యం చెడింది. 1963లో ఉద్యోగం వదిలి, కార్న్‌వాల్ ప్రాంతంలో బాడ్మిన్ దగ్గరున్న గ్లిన్ హౌస్ అనే పాత భవనాన్ని బాగుచేయించే పనిలో పడ్డాడు. రెండేళ్ళలో అందులోనే ప్రయోగశాల వెలిసింది. తన డబ్బు, సోదరుడి డబ్బు దానికి ఆధారం.

కేంబ్రిడ్జి రోజుల నుంచి ఆయనతో పనిచేసిన జెన్నిఫర్ మోయల్ అక్కడికీ వచ్చింది. ఆమె పేరు చాలా పుస్తకాలలో కనబడదు. కాని మిచెల్ ఊహకు ప్రయోగబలం చేకూరడంలో ఆమె పాత్ర చాలా పెద్దది. ఎలుక కాలేయం నుంచి వేరుచేసిన మైటోకాండ్రియాను వారు ఆక్సిజన్ లేని ద్రవంలో ఉంచారు. ఆ ద్రవం ఆమ్లత్వాన్ని కొలిచే ఎలక్ట్రోడును అందులో అమర్చారు. తరువాత అతి కొద్దిగా ఆక్సిజన్ అందించారు. వెంటనే ద్రవంలో ఆమ్లత్వం పెరిగింది. ఆ పైన మెల్లగా తగ్గింది. ఆమ్లత్వం పెరగడమంటే ప్రోటాన్లు బయటికి రావడమే.

1966లో అమెరికాలో జాగెన్‌డార్ఫ్, ఉరిబె మరో ప్రయోగం చేశారు. మొక్కలు ఎండ సాయంతో ఎ.టి.పి. తయారుచేసుకొంటాయి. పాలకూర వంటి స్పినాచ్ ఆకుల నుంచి తీసిన హరితరేణువులను వారు ముందు ఆమ్లంలో ఉంచి, తరువాత క్షారంలోకి మార్చారు. అంతా చీకటిలోనే జరిగింది. అయినా ఎ.టి.పి. తయారయింది! పొరకు ఇటూ అటూ ఆమ్లత్వంలో ఉన్న తేడాయే అందుకు చాలింది.

సందేహించినవారు ఒక్కొక్కరే ఒప్పుకొన్నారు. 1978లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి మిచెల్ ఒక్కడికే లభించింది.

ఆయన చెప్పినవన్నీ నిలవలేదు. ఎ.టి.పి. తయారుచేసే ఎంజైములో ప్రోటాన్లు నేరుగా రసాయన చర్యలో పాల్గొంటాయని ఆయన వాదించాడు. అలా కాదు, ఎంజైములోని ఒక భాగం తిరుగుతూ మిగతా భాగాల ఆకారాన్ని మారుస్తుందని అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ బోయర్ అన్నాడు. 1992లో మిచెల్ మరణించేనాటికి ఈ వాదం పూర్తిగా తేలలేదు. 1997లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆ ఎంజైముకు సన్నని ప్రోటీను పోగును అతికించి సూక్ష్మదర్శినిలో చూశారు. పోగు గిరగిర తిరిగింది.