కువైట్ వెళ్లే మన పిల్లలకు శుక్రవారం తరగతి

రంజాన్ దగ్గరపడే కొద్దీ మా సొసైటీ ఆఫీసుకు అర్జీలు వస్తాయి. ఆడపిల్ల పెళ్లి, ఆపరేషన్ ఖర్చు, కాలేజీ ఫీజు, కుట్టుమిషను. దాతలైన మీకు ఇవన్నీ తెలిసినవే. వీటి మధ్య ప్రతి ఏడూ కొన్ని వీసా అర్జీలు కూడా ఉంటాయి. రాయచోటి, పీలేరు, కలికిరి, వాయల్పాడు వైపు నుంచి బతుకుదెరువుకు తిరుపతి చేరిన కుటుంబాల కుర్రవాళ్లు రాసేవి ఇవి. తిరుపతి వాళ్లకు మొదటి మజిలీ, కువైట్ రెండోది.

కొన్నేళ్ల కిందట ఒక అబ్బాయి ఇలాగే వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయి, అద్దె ఆటో తోలుతున్నాడు. కువైట్‌లో డ్రైవరు పని దొరికిందని, ఏజెంటు అడిగిన డబ్బులో సగం అప్పు పుట్టిందని, మిగతా సగం మేము సర్దాలని అడిగాడు. అర్జీకి వీసా జిరాక్సు జతచేశాడు. మాలో ఎవరికీ అది అర్థం కాలేదు. ఆ పూట ఆఫీసులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. కువైట్‌లో చాలా ఏళ్లు హౌస్ డ్రైవరుగా చేసి తిరిగొచ్చినవారు. కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని చూసి, "ఏం బేటా, ఎప్పుడన్నా గొర్రెలు మేపినావా?" అన్నారు. వృత్తి అన్న చోట 'రాయీ గనమ్' అని ఉంది. అంటే గొర్రెల కాపరి. ఊరికి దూరంగా ఎడారిలో గుడారం, గొర్రెల మంద, నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తే అప్పుడు నీళ్లు.

ఆ అబ్బాయి చిన్నప్పుడు మక్తబ్‌లో ఖురాన్ పూర్తిగా చదివినవాడే. ఆ కాగితం మీది అక్షరాల్లో అతనికి రానిది ఒక్కటీ లేదు. అయితే మనం చదివే ఖురాన్ ప్రతుల్లో జబర్, జేర్, పేష్ ఉంటాయి, ఆఫీసు కాగితాల్లో ఉండవు. కూడబలుక్కుని చదివినా, ఆ మాటకు అర్థం అతనికి ఎవరూ చెప్పలేదు. మేము డబ్బు ఇవ్వలేదు. అతనికి కోపం వచ్చింది, తల్లి ఏడ్చింది. ఏజెంటుకు ముందే ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు.

ఈ తరగతి పుట్టింది ఆ కాగితం వల్లనే.

పిల్లల్ని గల్ఫ్‌కు పంపడం మన పనా అని కొందరు దాతలు అడిగారు. మేము ఎవరినీ పంపడం లేదు. మేము ఆపినా ఆగరు. వాళ్ల నాన్నలు వెళ్లారు, మేనమామలు వెళ్లారు, ఊళ్లో మిద్దె కట్టిన ప్రతి రెండో ఇంటి వెనుక కువైట్ దినార్ ఉంది. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాల్లో దారిలో చిక్కుకున్న ముసాఫిర్ కూడా ఉన్నాడని మనందరికీ తెలుసు. చిక్కుకున్నాక ఆదుకోవడం సరే, బయలుదేరక ముందే దారి చెబితే చిక్కుకునేవాళ్లు తగ్గుతారు కదా. మరొక మాట స్పష్టంగా చెప్పాలి: ఈ తరగతి ఖర్చుకు జకాత్ నిధిని ముట్టుకోవడం లేదు. సదఖా, విడి విరాళాలతోనే నడుపుతున్నాం.

ఇది బడి కాదు. హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు. పాఠం చెప్పేది తిరిగొచ్చినవాళ్లే. మొదటి పాఠం అంకెలు. అరబ్బీ అంకెల్లో అయిదు అచ్చం మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. సున్నా ఏమో ఒక చుక్క. ఆరు చూస్తే ఇంగ్లీషు ఏడులా కనిపిస్తుంది. ఒప్పంద పత్రంలో జీతం దగ్గర ఇవి తారుమారుగా చదివితే ఏమవుతుందో పిల్లలకు వెంటనే అర్థమైంది. తర్వాత వృత్తుల పేర్లు, ఆ తర్వాత నోటి మాట. కువైట్ వాళ్లు ఇంట్లో మాట్లాడే అరబ్బీ వేరు. అక్కడ 'మాకూ' అంటే లేదు అని. యజమాని 'మాకూ ఫ్లూస్' అంటే డబ్బు లేదని అర్థం. కొత్తగా వెళ్లిన మనవాడికి అది 'మాకు డబ్బు' అన్నట్టు వినిపిస్తుంది. జీతం అడగబోతే ఈయనే డబ్బు అడుగుతున్నాడేమిటని బిత్తరపోయిన సంగతి పెద్దాయన చెబితే తరగతంతా నవ్వింది. ఆ మాట ఇక ఎవరూ మరిచిపోరు.

నవ్వు రాని పాఠాలూ ఉన్నాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. తర్వాతి వారాల్లో లక్షా డెబ్బై వేల మంది భారతీయులను ఎక్కువగా అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేర్చారు. అలాంటి రోజున పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే ఏమిటి గతి? 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనానికి నిప్పంటుకుని 45 మంది భారతీయులు చనిపోయారు. మన రాష్ట్రం వాళ్లూ అందులో ఉన్నారు. ఏ గదిలో దిగినా మెట్లు ఎటున్నాయి, మేడ మీది తలుపు తెరిచి ఉందా అని ముందు చూసుకోండని ఇప్పుడు చెబుతున్నాం.

అసలు కీలకం పదో తరగతి. పది పాసు కాని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. దాంతో కువైట్, సౌదీ, ఒమన్, ఖతర్ వంటి 18 దేశాలకు పని కోసం వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ నియమం పెట్టింది రక్షణ కోసమే. దాన్ని తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. అలా వెళ్లినవాడి పేరు మన ప్రభుత్వ రికార్డులో ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయలు కడితే పది లక్షల బీమా అది! ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై పన్ను మాత్రమే తీసుకోవాలన్న సంగతి కూడా మా తరగతిలో ముందే తెలిసినవాడు ఒక్కడూ లేడు.

బడి మానేసి ఎన్నేళ్లయినా సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది రాయవచ్చు. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పైవయసు పరిమితి లేదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో ఒకసారి చేరితే అయిదేళ్లలో సబ్జెక్టులు కొన్ని కొన్నిగా పూర్తి చేసుకోవచ్చు. తెలుగులో రాయవచ్చు, ఉర్దూలోనూ రాయవచ్చు. పాసైన సర్టిఫికెట్‌తో మన తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే ఈసీఆర్ తీయించుకోవచ్చు. కుట్టుమిషను ఇస్తే ఫోటో బాగా వస్తుంది, పరీక్ష ఫీజు కడితే రాదు. అయినా మా లెక్కలో ఫీజే మేలు.

ఇక సరిహద్దు దాటిన మాటలు. మొదట్లో తరగతి ఆదివారం పెట్టాం. కువైట్‌లో ఆదివారం పనిరోజు, ఫోనుకు ఎవరూ దొరకలేదు. అందుకని శుక్రవారానికి మార్చాం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. మనకు నాలుగున్నర అయితే వాళ్లకు రెండు, జుమా నమాజు అయిపోయి ఉంటుంది. హౌస్ డ్రైవర్లకు మాత్రం శుక్రవారమే పని ఎక్కువ, యజమాని కుటుంబం షికారుకు బయలుదేరుతుంది. వాళ్లు బండిలో కూర్చుని వాయిస్ మెసేజీలు పంపుతారు. ఆ మెసేజీలే మా పాఠ్యపుస్తకం. ఇది తెలియక మొదటి ఏడు ఒక పుస్తకం అచ్చు వేయించాం. ఎవరూ చదవలేదు. ఆ డబ్బు దండగయింది, ఒప్పుకుంటున్నాం.

ఈ మాటలు రెండు వైపులా పారుతున్నాయి. ఇక్కడి నుంచి మేము పది పాఠాలు పంపుతాం, అక్కడి నుంచి ఒకడు సిగ్నల్ బోర్డు ఫోటో తీసి పంపుతాడు. ఊరికి వెళ్లాక ఒంటరితనంతో తాగుడు వైపు జారబోయిన ఒకడు, శుక్రవారం తన మెసేజీ కోసం ఇక్కడ పిల్లలు ఎదురుచూస్తున్నారని తెలిసి నిలదొక్కుకున్నానని చెప్పాడు. ఇది మేము ముందుగా అనుకున్నది కాదు. ఫిలిప్పీన్స్‌లో విదేశీ పనికి వెళ్లే ప్రతి ఒక్కరూ ప్రయాణానికి ముందు శిక్షణ తీసుకోవడం తప్పనిసరి. మన విదేశాంగ శాఖ కూడా ఒక రోజు శిక్షణ ఇప్పిస్తోంది. మంచిదే. కానీ విమానం దిగిన తర్వాత మొదటి ఆరు నెలలకు ఎవరు తోడు?

ఆడవాళ్ల సంగతిలో మేము వెనుకబడే ఉన్నాం. ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లకు చెప్పవలసింది ఎక్కువ. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీకి ముప్పై ఏళ్లు నిండితేనే అనుమతి. కువైట్ 2015లో చేసిన 68వ చట్టం ఇంటిపనివాళ్లకు వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. పాస్‌పోర్టు యజమాని ఉంచుకోకూడదంటుంది. ఇవి చెప్పడానికి తిరిగొచ్చిన అక్కలు, ఖాలాలు ఉన్నారు. కానీ అక్కడ పడ్డది పదిమందిలో చెప్పుకోవడానికి వాళ్లకు మనసొప్పదు. విడిగా, ఉదయం పూట, ఒకరి ఇంట్లోనే కూర్చోబెట్టాలని ఈ ఏడు ప్రయత్నం మొదలుపెట్టాం. రాకపోకల ఆటో ఖర్చు, కాస్త చాయ్, అంతే కావలసింది.

ఆ ఆటో అబ్బాయి కువైట్ ఆలోచన మానలేదు. పదిలో రెండు సబ్జెక్టులు మిగిలాయి. మొన్న ఇంకో వీసా కాగితం తెచ్చాడు. పెద్దాయన చెయ్యి చాపితే ఇవ్వలేదు. తనే వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు, నెమ్మదిగా చదివాడు. 'సాయిఖ్.' డ్రైవరు. తర్వాత జీతం దగ్గరికి వచ్చి, అంకె చూసి, "ఇది అయిదేనా చాచా, సున్నానా?" అని అడిగాడు.